కొండవీడు కోట చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండవీడు పేరు ఎత్తగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది కత్తుల బావి, ఆ తర్వాత చాంతాడు. అసలు చరిత్ర ఈ రెండింటి వెనక ఎక్కడో ఉండిపోతోంది. కోట చూసొచ్చినవాళ్ళు, చూడాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. శాసనాల్లో ఉన్నదేది, జనం చెప్పుకునేదేది అన్నది ఎక్కడికక్కడ విడమరచి చెబుతాను. ఈ కోట విషయంలో ఆ రెండూ కలిసిపోవడం వల్ల చాలా అన్యాయం జరిగింది.

కొండవీడు ఎక్కడుంది? గుంటూరు జిల్లానా, పల్నాడు జిల్లానా?

2022లో జిల్లాలు విడదీశాక పల్నాడు జిల్లాలోకి వచ్చింది. యడ్లపాడు మండలం. అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉండేది కాబట్టి పాత పుస్తకాల్లో గుంటూరు జిల్లా అనే కనిపిస్తుంది. గుంటూరు నుంచి పడమరగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకవైపు ఫిరంగిపురం, మరోవైపు చిలకలూరిపేట, మధ్యలో ఈ కొండల వరస. కోట ఉన్నది ఒక్క గుట్ట మీద కాదు. వెయ్యి అడుగులకు పైగా లేచిన శిఖరాలను కలుపుతూ గోడ సాగుతుంది. కింద నిలబడి చూస్తే ఆ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తేల్చుకోవడం కష్టం.

కోట కట్టించింది ఎవరు?

రెడ్డిరాజులు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ తుగ్లక్ సైన్యం చేతికి చిక్కి కాకతీయ రాజ్యం కూలిపోయింది. ఆ తర్వాత తీరాంధ్రలో ఎవరికి వారు నిలదొక్కుకునే ప్రయత్నాలు మొదలయ్యాయి. ముసునూరి నాయకులు ఒకవైపు లేస్తే, అద్దంకి కేంద్రంగా ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో సొంత రాజ్యం నిలబెట్టాడు. కొండవీటిలో కోట పనులు ఆయన కాలంలోనే మొదలయ్యాయని చెబుతారు. దాన్ని రాజధానిగా మార్చింది మాత్రం ఆయన కొడుకు అనవోతారెడ్డి.

స్థానిక కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ చరిత్రలు రాసిపెట్టిన పాత రికార్డుల్లో, ఇంకా పాత కథలున్నాయి. అలాంటి రికార్డులను పోగుచేయించిన కంపెనీ అధికారి మెకంజీ దొర సేకరణలో ఉన్న కొండవీటి దండకవిలె (కరణాలు రాసిన లెక్కల పుస్తకం) వాటిలో ముఖ్యమైంది. ఊళ్ళ పేర్లకు, వంశాలకు, భూముల వివరాలకు ఆ కవిలె చాలా విలువైంది. అయితే రాజుల తేదీల దగ్గరికి వచ్చేసరికి శాసనంతో పోల్చి చూడకుండా దాన్ని నమ్మలేం.

అద్దంకి బాగానే ఉంది కదా, రాజధాని ఎందుకు మార్చారు?

అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున మైదానంలో ఉంది. వ్యాపారానికి, సేద్యానికి మంచి చోటే కానీ గుర్రపు దండు వచ్చి పడితే అడ్డుకోవడం కష్టం. అనవోతారెడ్డి పట్టానికి వచ్చిన 1353 నాటికి పరిస్థితి ఏమిటంటే, దక్కనులో బహమనీ సుల్తానులు అప్పుడే బలపడుతున్నారు, తెలంగాణలో రాచకొండ వెలమ దొరలు విస్తరిస్తున్నారు. కృష్ణ దాటితే చాలు, రెడ్డిరాజ్యమే. అలాంటప్పుడు కొండను ఆసరా చేసుకోవడం తెలివైన పని.

కొండెక్కినంత మాత్రాన ఆయన సముద్రాన్ని వదిలిపెట్టలేదు. 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, వర్తకులకు భద్రతనూ సుంకాల్లో రాయితీలనూ ప్రకటించాడు. అంతకు వందేళ్ళ ముందు కాకతీయ గణపతిదేవుడు అదే రేవులో వేయించిన అభయ శాసనానికి ఇది కొనసాగింపులాంటిది. ఖజానా రేవులో నిండుతుంది, కొండమీద భద్రంగా ఉంటుంది. కొండవీటి రాజ్యం నిలబడింది ఈ రెండు కాళ్ళ మీదే.

రెడ్డిరాజులు ఇక్కడి నుంచి ఎంతకాలం ఏలారు?

సుమారు 70 ఏళ్ళు. అనవోతారెడ్డి (1353–1364), అనవేమారెడ్డి (1364–1386), కుమారగిరిరెడ్డి (1386–1402), పెదకోమటి వేమారెడ్డి (1402–1420), రాచవేమారెడ్డి (1420–1424). ఇంత పేరున్న వంశం ఒక మనిషి జీవితకాలమంతే పాలించిందంటే చాలామందికి ఆశ్చర్యం.

వీళ్ళలో రాజ్యాన్ని బాగా పెంచింది అనవేమారెడ్డి. 1375లో ఆయన శాసనం సింహాచలంలో కనిపిస్తుంది. శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించింది కూడా ఆయనే. శివుడి కోసం వీరభక్తులు తమ నాలుకలు, తలలు కోసి అర్పించుకున్న చోటు అది. అంతకుముందు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. నడకదారిన శ్రీశైలం వెళ్ళేవాళ్ళు ఇవాళ్టికీ పాతాళగంగ దగ్గర ఆ పేరు తలుచుకుంటారు.

కొండమీద అంతమందికి నీళ్ళు ఎక్కడివి?

నన్నడిగితే కోట గురించి మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. గోడ ఎంత ఎత్తున్నా, బురుజులు ఎన్నున్నా నీళ్ళు లేకపోతే ఏ కోటా ముట్టడికి ఆగదు. కొండవీడు ఉన్నది వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతంలో. పక్కన జీవనది లేదు, కృష్ణ చాలా దూరం.

కొండమీద ఇప్పటికీ మూడు చెరువులు ఉన్నాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. శిఖరాల మధ్య పల్లంలో రాతికట్ట వేసి, చుట్టూ ఉన్న రాతి వాలు మీద పడ్డ ప్రతి వాన చినుకునూ అక్కడికి చేర్చడమే వీటి కిటుకు. రాయి నీటిని తాగదు కాబట్టి ఒక మోస్తరు వాన పడినా పల్లంలోకి నీరు బాగానే చేరుతుంది. వానాకాలంలో నింపుకున్న నీరే మళ్ళీ వానలు వచ్చేదాకా సైన్యానికీ, గుర్రాలకూ, ఏనుగులకూ, వంటశాలలకూ సరిపోవాలి. ఏటా పూడిక తీయకపోతే నాలుగైదేళ్ళలో చెరువు కాస్తా బురదగుంట అయిపోతుంది. అంటే ఈ కోట నిలబడింది కత్తి పట్టిన చేతుల మీదే కాదు, పార పట్టిన చేతుల మీద కూడా.

కొండ దిగువన కూడా ఇదే శ్రద్ధ. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక ఫిరంగిపురం దగ్గర సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. 1409 నాటి ఫిరంగిపురం శాసనం ఆ సంగతి చెబుతుంది. ఆ చెరువుకు నీరు తెచ్చే కాలువను ఆమె కొడుకు రాచవేమారెడ్డి తవ్వించాడు. దాని పేరు జగనొబ్బగండ కాలువ. అమీనాబాదు శాసనంలో దాని ప్రస్తావన ఉంది. తల్లి చెరువు, కొడుకు కాలువ. ఏ యుద్ధం కంటే కూడా ఆ కుటుంబం గురించి ఈ రెండు శాసనాలే నాకు ఎక్కువ చెప్పాయి.

‘కొండవీటి చాంతాడు’ అనే మాట ఈ ఊరి నుంచే వచ్చిందా?

అవును. ఈ ప్రాంతంలో బావులు చాలా లోతు, చేదవేసి నీళ్ళు తోడాలంటే అంత పొడుగు తాడు కావాలి. పై జవాబు చదివితే దానికి కారణం అర్థమై ఉంటుంది.

శ్రీనాథుడు నిజంగా ఇక్కడ ఉన్నాడా?

ఉన్నాడు. ఇందులో అనుమానానికి తావే లేదు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో ఆయన విద్యాధికారి. శాసనాలు రాయించడం, పండిత సభలు నడపడం, దానపత్రాలు చూడడం లాంటివి ఆ పదవిలోని పనులు. పైన చెప్పిన ఫిరంగిపురం శాసనంలోని సంస్కృత శ్లోకాలు రాసింది శ్రీనాథుడే. కావ్యాల్లో చదివే కవి చేత ఒక చెరువు కోసం రాయించిన మాటలు రాతి మీద మిగిలి ఉన్నాయన్నమాట. తెలుగు అంటే ఇష్టమున్న ఎవరికైనా ఆ శాసనం చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

శృంగార నైషధం కూడా ఈ రోజుల్లోదే. దాన్ని అంకితం తీసుకున్న మామిడి సింగన పెదకోమటి వేముడి మంత్రి. రాజు కూడా సామాన్యుడు కాదు. సాహిత్య చింతామణి, సంగీత చింతామణి రాశాడు, అమరుశతకానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య చేశాడు. ఆయన మీద వామనభట్ట బాణుడు వేమభూపాల చరితం రాశాడు.

అంతకంటే ముందు తరంలో ఎర్రాప్రగడ హరివంశాన్ని అంకితమిచ్చింది ప్రోలయ వేమారెడ్డికి. అయితే అది అద్దంకి రోజుల మాట. ఎర్రన కొండవీటిలో కూర్చుని రాశాడని కొందరు గైడ్లు చెబుతుంటారు, అది సరికాదు.

వసంతోత్సవాలు, లకుమ — ఇవి కథలా, చరిత్రా?

చరిత్రే, కాకపోతే తర్వాతి వాళ్ళు దానికి చాలా రంగులద్దారు.

కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలు అనే బిరుదు ఉంది. ఏటా వసంతోత్సవం జరిపించేవాడు. అందులో కర్పూరం, కస్తూరి, పన్నీరు ధారాళంగా చల్లేవారు. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చేవన్న దానికి శ్రీనాథుడి హరవిలాసంలో జవాబు దొరుకుతుంది. ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయ్యసెట్టి ఈ రాజుకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు, భోటదేశం నుంచి కస్తూరి తెప్పించేవాడని కవి వరసపెట్టి చెబుతాడు. హురుముంజి అంటే పర్షియా తీరంలోని హోర్ముజ్. మెట్టపొలాల మధ్య ఉన్న కొండమీదికి పర్షియా గుర్రమూ చైనా పట్టూ ఎక్కి వచ్చాయంటే, దాని వెనక మోటుపల్లి రేవు ఎంత పనిచేసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక లకుమాదేవి. కుమారగిరి బావమరిదీ మంత్రీ అయిన కాటయవేముడు కాళిదాసు నాటకాలకు కుమారగిరిరాజీయం అనే వ్యాఖ్యానం రాశాడు. రాజసభలో లకుమాదేవి వేయి రకాలుగా కొత్త కొత్త అభినయాలు చూపేదని ఒక శ్లోకం అందులో ఉంది. సమకాలికుడైన మంత్రి రాసిన మాట కాబట్టి ఆమె ఉందనడానికి అది గట్టి ఆధారం. ఆమె ప్రేమకథలు, త్యాగాలు, మరణం గురించి ప్రచారంలో ఉన్నవన్నీ తర్వాతి రచయితల కల్పనలు. ఆమె పేరు మనకు మిగిలింది ఆమె విద్య వల్ల. ప్రేమకథ లేకపోతే లకుమ లేదన్నట్టు మాట్లాడడం నాకు బాధగా ఉంటుంది.

కుమారగిరి చివరి రోజులు మాత్రం వెలవెలబోయాయి. కాటయవేముడికి రాజమహేంద్రవరం రాజ్యాన్ని ఇవ్వడం దాయాదులకు నచ్చలేదు. 1402 ప్రాంతంలో పెదకోమటి వేముడు కొండవీటిని తన చేతిలోకి తీసుకున్నాడు. రెడ్డిరాజ్యం అప్పటి నుంచి రెండు ముక్కలు, ఒకదానికొకటి శత్రువు కూడా.

రాచవేమారెడ్డి పురిటి పన్ను వేశాడా?

జనం అలాగే చెప్పుకున్నారు. బిడ్డ పుడితే పన్ను కట్టాలన్నాడని, సవరం ఎల్లయ్య అనే బంటు భార్య ప్రసవించినప్పుడు పన్ను అడిగితే కోపం పట్టలేక రాజును కటారితో పొడిచి చంపాడని కథ. రాచవేముడితో 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్ల పాలన ముగిసిందన్నది చరిత్ర. పురిటి పన్నుకు మాత్రం శాసనం లేదు, చాటువులూ కైఫీయతులే ఆధారం.

రాకుమారుడిగా ఉండగా తల్లి చెరువు కోసం కాలువ తవ్వించిన ఇతనే, రాజయ్యాక పురిటి మంచం మీద పన్ను వేసినవాడిగా మిగిలిపోయాడు. రెండూ నిజం కావచ్చు. చుట్టూ శత్రువులు, ఖజానా ఖాళీ అయితే రాజులు ఏ పన్నుకైనా దిగుతారు. అయినా ఆయన పేరు చెప్పేటప్పుడు కాలువ సంగతి కూడా చెప్పడం న్యాయం.

రెడ్డిరాజుల తర్వాత కోట ఎవరి చేతికి వెళ్ళింది?

ఇక్కడ నుంచి చేతులు మారడమే పని. ముందు విజయనగరం. 1454లో కళింగ నుంచి కపిలేంద్ర గజపతి దండెత్తి తీసుకున్నాడు, గణదేవుడు అనే ప్రతినిధిని ఇక్కడ పెట్టాడు. కపిలేంద్రుడు పోయాక బహమనీలు వచ్చారు. 1480 ప్రాంతంలో బహమనీ సుల్తాను మూడో మహమ్మద్ షా స్వయంగా కొండవీటి మీదికి రావాల్సి వచ్చింది. తర్వాత పురుషోత్తమ గజపతి మళ్ళీ చేజిక్కించుకున్నాడు. 1515 దాకా గజపతులదే.

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. కత్తుల బావి దగ్గర దీంతో పని పడుతుంది.

కృష్ణదేవరాయలు ఇంత గట్టి కోటను ఎలా గెలిచాడు?

ముందు చుట్టుపక్కల కోటలన్నీ గెలిచి. ఉదయగిరి ముట్టడి ఏడాదికి పైగా సాగి 1514లో ముగిసింది. తర్వాత రాయల సైన్యం అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగేడ, కేతవరం ఒకదాని వెంట ఒకటి పట్టుకుంటూ వచ్చింది. ఒక్కసారి మ్యాపు తీసి ఈ ఊళ్ళన్నీ చూడండి. కొండవీటికి పడమటి నుంచి ధాన్యం రావాలన్నా, సాయం రావాలన్నా దారి మూసుకుపోయింది. గజపతి ప్రతాపరుద్రుడు కృష్ణకు ఉత్తరాన ఉండిపోయాడు. కోట మాత్రం ఒంటరి అయిపోయింది.

శక సంవత్సరం 1437 ఆషాఢ శుద్ధ ఏకాదశి శనివారం, అంటే 1515 జూన్ 23న కొండవీడు లొంగిపోయింది. మంగళగిరి శాసనం ఆ తిథి చెబుతుంది. నెల తిరగకుండానే రాయలు అమరావతి అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం (తన ఎత్తు బంగారం తూచి ఇవ్వడం) చేశాడు, రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి వెంట ఉన్నారు.

ముట్టడి ముగిసింది ఆషాఢంలో అన్నది గమనించాలి. వేసవి మొత్తం గడిచి, కొత్త వానలు ఇంకా సరిగ్గా పడని సమయం. కొండమీద చెరువులు ఏడాది మొత్తంలో అట్టడుగుకు చేరేది అప్పుడే. ఏ శాసనమూ ఈ మాట చెప్పదు, ఇది నా ఊహే. ఈ ప్రాంతంలో మే నెల ఎండ చూసినవాళ్ళకు ఈ ఊహ మరీ విచిత్రంగా తోచదనుకుంటాను.

కత్తుల బావిలో 72 మంది రెడ్డి వీరుల్ని నరికేశారన్నది నిజమేనా?

కొండ దిగువన గోపీనాథస్వామి గుడి ఉంది. దాన్ని అందరూ కత్తుల బావి గుడి అంటారు. కథ ఇది: కోటను యుద్ధంలో గెలవలేక రాయల పక్షం వాళ్ళు మోసానికి దిగారు. స్వామి దర్శనానికి రమ్మని 72 మంది రెడ్డి దొరల్ని పిలిచారు. ఇరుకు ద్వారం గుండా తల వంచి ఒక్కొక్కరే లోపలికి వెళ్తుంటే, లోపల మాటువేసినవాళ్ళు తల నరికి బావిలో పడేశారు. బయట వరసలో ఉన్నవాళ్ళకు ఏం జరుగుతోందో తెలియలేదు. చాలా కథల్లో ఈ పన్నాగం తిమ్మరుసుదే.

వినేటప్పుడు కడుపులో దేవినట్టు ఉంటుంది. కానీ చరిత్రగా ఇది నిలవదు.

మొదటి అభ్యంతరం: 1515 నాటికి కోట రెడ్లది కాదు. రాచవేముడు పోయి అప్పటికే 90 ఏళ్ళు గడిచిపోయాయి. లోపల ఉన్నది గజపతి సైన్యం. రాయలు చంపించడానికి అక్కడ రెడ్డిరాజులు లేరు.

రెండోది ఇంకా గట్టిది. ఆ రోజు ఎవరెవరు పట్టుబడ్డారో శాసనాలు పేర్లతో సహా చెబుతున్నాయి. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు, నరహరి పాత్రుడు, మల్లూఖాన్, ఉద్దండఖాన్ ఇలా సాగుతుంది జాబితా. వాళ్ళను ప్రాణాలతో పట్టుకుని అభయం ఇచ్చారని శాసనంలో ఉంది. గజపతి పక్షాన ఖానులు పోరాడారన్నది కూడా చూడండి. ఆ యుద్ధాలను ఇప్పటి మత తగాదాల కళ్ళతో చూసేవాళ్ళకు ఈ జాబితా ఒక్కటి చాలు.

వీరభద్రుడి గురించి ఇంకో ఆధారం కర్ణాటకలో ఉంది. 1516 నాటి శాసనం ప్రకారం ఆయన రాయల కింద మలెబెన్నూరు సీమకు అధికారి. అక్కడ పెళ్ళి సుంకాన్ని రద్దు చేశాడు. ఓడిపోయిన శత్రు రాకుమారుడికి సీమ అప్పగించి పంపారంటే, కొండవీటిలో దక్కినవాళ్ళను బావిలో నరికి పోగేశారన్న కథ ఎలా పొసుగుతుంది?

మరి కథ ఎక్కడి నుంచి వచ్చింది? ఒక కోట ఇన్నిసార్లు చేతులు మారితే ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు నమ్మకద్రోహం, ఊచకోత జరిగే ఉంటాయి. ఆ జ్ఞాపకం పేరున్న రాజు మీదికీ పేరున్న మంత్రి మీదికీ చేరి ఉండొచ్చు. గుడి దగ్గర కథ చెప్పే పెద్దాయనతో వాదన పెట్టుకోమని నేను చెప్పను. విని రండి. సోషల్ మీడియాలో మాత్రం దాన్ని చరిత్రగా, ఒక కులం మీద ఇంకొకరు చేసిన ద్రోహంగా ప్రచారం చెయ్యొద్దు.

రాయల పాలనలో కొండవీడు ఎలా ఉండేది?

తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ఇక్కడ అధికారి. ఆ కాలపు కొండవీటిని కళ్ళకు కట్టేది 1520 నాటి స్తంభ శాసనం. గుడి ఖర్చుల కోసం వర్తకులు ఏ సరుకు మీద ఎంత ఇవ్వాలో అందులో ఉంది. జొన్నలు, ఉప్పు, మామిడికాయలు, వంకాయలు, అల్లం, నిమ్మకాయలు, కొబ్బరికాయలు, బెల్లం, పత్తి... పెరికల లెక్కన ఒక్కో దానికి ఇంత అని. చదువుతుంటే సంతలో నిలబడ్డట్టే ఉంటుంది. ఎడ్ల మీద పెరికలు వేసుకుని వినుకొండ వైపు నుంచి దిగుతున్న వర్తకులు, వంకాయల గంప దగ్గర బేరాలు, సుంకం లెక్క రాసుకునే కరణం. కోట అంటే రాజూ సైన్యమే అనుకుంటాం. ఈ కొండను పోషించింది వంకాయలూ జొన్నలూ పండించిన చుట్టుపక్కల పల్లెలు.

ముర్తజానగర్ అంటే ఏది?

కొండవీడే. 1579–80లో గోల్కొండ కుతుబ్‌షాహీలు దీన్ని శాశ్వతంగా గెలుచుకున్నాక పెట్టిన పేరు. అంతకుముందు 1530ల నుంచే ప్రయత్నాలు సాగాయి. గుంటూరు ప్రాంతాన్ని పాత రికార్డుల్లో ముర్తజానగర్ సర్కారు అని రాసేవారు. కొండమీద మసీదు, దర్గా తురక పాలనా కాలపు గుర్తులు.

ఇంత కోట ఎందుకు పాడుబడింది?

ఒక్క దెబ్బకు కూలింది కాదు. 1750ల్లో కొండవీటి సీమ ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళింది. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు అయింది. ఆయన 1782లో చనిపోయాడు, 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. కంపెనీకి కావాల్సింది శిస్తు. దానికి కొండమీద కాపలా అక్కర్లేదు, మైదానంలో కచేరీ చాలు. ఫిరంగులు వచ్చాక కొండకోటకు పాత విలువ కూడా లేదు. సైన్యం దిగిపోయాక ఊరూ దిగిపోయింది.

మనుషులు వెళ్ళిపోయాక రాతి కోటను కూల్చేది వేళ్ళూ వాననీళ్ళూ. గోడ సందులో రావి మొక్క మొలుస్తుంది. సున్నపు పూత పగిలి నీరు లోపలికి దిగుతుంది. ఒక రాయి కదిలితే పైన ఉన్న వరస మొత్తం జారుతుంది. మిగతా పని ఇళ్ళకూ దొడ్లకూ రాళ్ళు మోసుకుపోయినవాళ్ళది.

గుప్తనిధులు ఉన్నాయంటారు, నిజమా?

ఈ ప్రచారం వల్ల రాష్ట్రంలో పాత గుళ్ళకూ కోటలకూ జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. విగ్రహాల పీఠాలు పెకలించారు, గచ్చు తవ్వారు. నూట యాభై ఏళ్ళకు పైగా ఒకరి తర్వాత ఒకరు సైన్యంతో వచ్చి గెలిచిన కోటలో, ఎవరికీ దొరకని నిధి రాత్రిపూట గునపంతో వచ్చినవాడికి దొరుకుతుందా? పైగా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దొరికినదాన్ని కలెక్టరుకు తెలియజేయకపోతే నేరం. ఎవరైనా తవ్వుతున్నట్టు కనిపిస్తే పోలీసులకు చెప్పండి.

వేమన కొండవీటి రాజవంశం వాడేనా?

అనవేమారెడ్డి తమ్ముడని జనశ్రుతి. భాష, పద్యాల్లోని లోకవ్యవహారం చూసిన పరిశోధకుల్లో చాలామంది ఆయన్ను 17వ శతాబ్దం వైపు పెడతారు. అలా చూస్తే కొండవీటి రెడ్ల కాలానికి రెండు వందల ఏళ్ళు దూరం.

ఇప్పుడు వెళ్తే ఏమేం చూడొచ్చు?

కొండమీదికి ఘాట్ రోడ్డు ఉంది, కారు పైదాకా వెళ్తుంది. ఓపిక ఉన్నవాళ్ళు పాత మెట్లదారి పట్టడం మంచిది. కోట ఎందుకు గట్టిదో కాళ్ళకు తెలుస్తుంది. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా అనే రెండు ప్రవేశ ద్వారాలు, బురుజులు, మూడు చెరువులు, లక్ష్మీనరసింహస్వామి గుడి, మసీదు, ఆయుధాగారం, ధాన్యాగారం లాంటి శిథిలాలు పైన ఉన్నాయి. దిగువన గోపీనాథస్వామి గుడి. అక్కడి నుంచి చెంఘీజ్‌ఖాన్‌పేట దగ్గరే, వెన్నముద్ద పట్టుకుని పారాడే బాలకృష్ణుడి విగ్రహం చూడకుండా రావొద్దు.

చెరువుల దగ్గర ఆగి, నీరు ఎటు నుంచి దిగి ఎటు నిలుస్తోందో ఒక్క పది నిమిషాలు గమనించండి. ఫొటోలకు బురుజులు బాగుంటాయి, కోట అర్థమయ్యేది మాత్రం ఇక్కడే.

ఏ కాలంలో వెళ్తే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి. వానలు పడ్డ వెంటనే వెళ్తే చెరువులు నిండుగా ఉంటాయి, కొండంతా పచ్చగా ఉంటుంది, రాళ్ళు మాత్రం జారతాయి. ఆ రోజుల్లోనే దారి పొడవునా కొండవీటి సీతాఫలాలు అమ్ముతుంటారు, తప్పకుండా తినండి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో, పెద్దవాళ్ళతో వద్దు. ఏ కాలమైనా తాగే నీళ్ళు వెంట ఉండాలి. ప్లాస్టిక్ సీసాలు మళ్ళీ కిందికి తెచ్చేయండి, చెరువుల్లో తేలుతున్న సీసాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అమరావతి వార్తల్లో వినిపించే కొండవీటి వాగుకూ ఈ కోటకూ సంబంధం ఉందా?

ఉంది. ఈ కొండల్లో పుట్టి, రాజధాని ప్రాంతపు ఊళ్ళ మధ్య నుంచి పారి, ఉండవల్లి దగ్గర కృష్ణలో కలిసే వాగు అది. కృష్ణకు వరద వచ్చినప్పుడు వాగు నీరు నదిలోకి దిగలేక వెనక్కి ఎగదన్ని పొలాలు మునిగేవి. అందుకే ఆ నీటిని ఎత్తి నదిలో పోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం ప్రారంభించారు.